మూడో గడి ఖాళీ

శ్రీవేద మొదటిసారి నాతో మాట్లాడినప్పుడు, కాలేజీ క్యాంటీన్లో ఆమె ముందు మూడు ప్లేట్లున్నాయి. ఒకదాంట్లో పొంగల్, ఒకదాంట్లో పూరి, ఇంకోదాంట్లో ఉప్మా. అవి తినడానికి కాదు. శ్రీలంక ఎన్నికలు చెప్పడానికి.

"పొంగల్ ఒక క్యాండిడేట్ అనుకోండి," అంటోంది చుట్టూ చేరినవాళ్లతో. "పూరి ఒకరు, ఉప్మా ఒకరు. మనమైతే ఒకరికే వేసి వచ్చేస్తాం. ఆడ అట్లా కాదు. మొదటి ఇష్టం ఎవరు, రెండో ఇష్టం ఎవరు, మూడో ఇష్టం ఎవరు అని నంబర్లు వెయ్యొచ్చు. ఎవరికీ సగం దాటలేదనుకో, పై ఇద్దర్నీ ఉంచి, మిగతావాళ్లకు పడిన చీట్లలో రెండో ఇష్టం చూస్తారు. నిన్న అదే జరిగింది. ఆ దేశంలో ఇదే మొదటిసారి!"

"అదంతా సరే గానీ తల్లీ, నీ క్యాండిడేట్లు చల్లారిపోతా ఉండారు," అన్నాడు ఏబెల్. మా హాస్టల్లో ఏ గొడవకైనా ముందుండేది అతనే. ప్లేటు ముందు కూడా.

నేను పక్క టేబుల్ దగ్గర టీ తాగుతున్నాను. ఆమె గిరుక్కున ఇటు తిరిగింది.

"ఏమప్పా, హిస్టరీ! నువ్వు చెప్పు. నీ మొదటి ఇష్టం ఏది?"

"టీ."

"టీ పోటీలో లేదు."

"నాకు అదే కావాల."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. నోట్‌బుక్ తీసి "చెల్లని ఓటు ఒకటి" అని రాసుకుంది.

"పోనీ, శ్రీలంక ఎన్నికల మీద నీ అభిప్రాయం?"

"ఏం లేదు."

"పక్కనుండే దేశం! ఎంఏ చదువుతా ఉండావు! ఏమీ లేదా?"

గ్లాసు పెట్టేసి లేచాను. అబద్ధం చెప్పానని నాకు తెలుసు. నిజం చెప్పాలంటే చాలా మాటలు కావాలి. అన్ని మాటలు నా దగ్గర ఎప్పుడూ ఉండవు.

మాది నగరి. ఇంటి ముందు గదిలో మూడు పవర్‌లూమ్ మగ్గాలు. తెల్లవారి కరెంటు ఇచ్చింది మొదలు ఆ చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినపడదు. దారం తెగితే కన్ను ఎగరేస్తాం, అన్నానికి పిలవాలంటే చెయ్యి ఊపుతాం. అట్లాంటి ఇంట్లో పెరిగినవాడికి మాట అలవాటు కాదు. చూడటం అలవాటవుతుంది.

కాబట్టి చూశాను. శ్రీవేదవాళ్ల పొలిటికల్ సైన్స్ గది మా హిస్టరీ గదికి పక్కదే. ఆలోచనలో పడితే శ్రీవేద బస్సు టికెట్టును సన్నగా చుట్టి వేలికి ఉంగరంలా పెట్టుకుంటుంది. వాదనలో గెలిస్తే దాన్ని తీసి పారేస్తుంది. ఓడిపోతే ఆ రోజంతా వేలికే ఉంటుంది. అప్పటిదాకా ఆమె వేలికి టికెట్టు నాలుగుసార్లే మిగిలింది. లెక్కపెట్టినవాణ్ని నేనొక్కణ్నే అనుకుంటాను.

ఆ వారంలోనే నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. రెండో సంవత్సరం ఫీజు రెండింతలు. దసరా సెలవుల లోపల కట్టాలి.

దాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి అంకెలు చూశాను. రెండోసారి చదివేటప్పుడు కనపడింది మా ఇంటి మగ్గం. ఆ ఫీజు తగ్గలేదంటే నేను నగరి వెళ్లి మగ్గం ముందు కూర్చోవాల్సిందే. ఇక పక్క గది ఉండదు.

సాయంత్రం సైకిల్ స్టాండు దగ్గర మీటింగు పెట్టాం. నలభై ఒక్కమంది వచ్చారు. నిరాహార దీక్ష అన్నారు కొందరు. గుండ్లు కొట్టించుకుందాం అన్నారు కొందరు. క్లాసులు బంద్ చేసి ఇళ్లకు పోదాం అన్నవాళ్లు ఎక్కువమంది. అరుపులు ఎక్కువయ్యాయి.

"ఆగండి!" శ్రీవేద సైకిల్ క్యారియర్ మీదికెక్కి నిలబడింది. పడిపోకుండా ఎవరో సైకిల్ పట్టుకున్నారు. ఎవరో ఏముంది, నేనే. "ఓటేద్దాం. శ్రీలంక పద్ధతిలో."

చీట్లు చింపారు. ఒక్కోదాని మీద మూడు గళ్లు: దీక్ష, గుండు, బంద్. ఆమే లెక్కపెట్టింది. బంద్‌కు పదిహేడు, గుండుకు పదమూడు, దీక్షకు పదకొండు. ఎవరికీ సగం రాలేదు. దీక్షను తీసేసి, ఆ పదకొండు చీట్లలో రెండో ఇష్టం చూసింది. తొమ్మిది గుండుకు, రెండు బంద్‌కు.

"గుండు ఇరవై రెండు, బంద్ పంతొమ్మిది," అంది. అని, అప్పుడే అర్థమైనట్టు మా అందరి తలల వైపు చూసింది.

"సముద్రం అవతల ఓట్లేస్తే ఈడ మా జుట్టు పోతా ఉండాది," అన్నాడు ఏబెల్ తల నిమురుకుంటూ.

ఆమె ఇంకా ఒక చీటీ పట్టుకునే ఉంది. "అందరూ మూడు గళ్లూ నింపినారు. ఒక్కరు మాత్రం మూడో గడి ఖాళీగా వదిలేసినారు. దీక్షకు ఒకటి, గుండుకు రెండు. బంద్‌కు ఏమీ లేదు. ఎవరబ్బా ఇది? ఎందుకు?"

ఆమె టికెట్టు తీసి వేలికి చుట్టుకుంది.

ఇరవై రెండు ఓట్లలో సెలూన్ దాకా వచ్చిన తలలు పదకొండే. పన్నెండోది శ్రీవేదది. తనూ కుర్చీలో కూర్చుంది. మంగలి తిరుమలయ్య కత్తి కింద పెట్టేశాడు.

"నీకు గుండు గీస్తే మీ నాయన సుదర్శనం సామి నన్ను ఈ ఊర్లో ఉండనీడు తల్లీ. లెయ్."

"ఇది నా హక్కు!"

"హక్కే. ఇంకో షాపులో అడుగు."

మర్నాడు పదకొండు గుండ్లతో ఊరి మీద పడ్డాం. ఫీజు తగ్గించాలి అని అరుచుకుంటూ బస్టాండు దాకా నడిచాం. అప్పుడు తెలిసింది మేం చేసిన తప్పేమిటో. తిరుపతిలో గుండును ఎవరు చూస్తారు?

"దర్శనం బాగా అయ్యిందా సామీ? ఎన్ని గంటలు పట్టింది?" అన్నాడు టీ కొట్టతను.

"కొండ బస్సులు ఆ పక్క. రోడ్డుకడ్డం నిలబడొద్దు," అన్నాడు ట్రాఫిక్ కానిస్టేబుల్.

ఒక ముసలమ్మ ఏబెల్‌ను చూసి చేతులు జోడించి "గోవిందా" అంది. ఏబెల్ మెడలోని సిలువను మెల్లగా చొక్కాలోకి తోసుకుని, "చల్లగా ఉండు తల్లీ" అన్నాడు.

ఒక విలేకరి మాత్రం ఫోటో తీసుకుపోయాడు. పొద్దున్నే పేపరు కోసం పరుగెత్తాం. ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. కింద ఇట్లా ఉంది: "వారాంతానికి పెరిగిన భక్తుల రద్దీ."

శ్రీవేద పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని అందరూ కంగారు పడ్డారు. నవ్వుతోంది. నవ్వి, పేపరు దించినప్పుడు కళ్లలో నిజంగానే నీళ్లున్నాయి.

"నా లెక్కవల్ల మీ జుట్టు పోయింది. పనికొచ్చింది కూడా లేదు. ఫీజులు తేల్చే కాలేజీ కమిటీ మంగళవారమే కూర్చుంటుంది."

టికెట్టు ఆ రోజు వేలికే ఉంది. ఐదోసారి.

శనివారం ఇంటికి వెళ్లాను. మా వీధి మలుపులోనే ఒకామె నన్ను చూసి మా అవ్వకు కేకేసింది.

"ఓ ప్రసూనాంబత్తా! మీ మురుగేషు గుండుతో వస్తా ఉండాడు! పిల్ల యాడిదంట?"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా అవ్వకు ఒక మొక్కుంది. నాకు పెళ్లి కుదిరితే నా తలనీలాలు కొండకిస్తానని. అది మా వీధి మొత్తానికీ తెలుసు. ఆవేశంలో నాకే గుర్తు లేదు.

అవ్వ గడపలో నిలబడింది. "నాకు చెప్పకుండానే కొండకు పొయ్యొచ్చినావా అబ్బోడా?"

"కొండకు పోలేదవ్వా. సెలూన్లో చేయించుకున్నా."

అవ్వ గడప మీదే కూలబడింది. "సెలూన్లోనా? సామికియ్యాల్సిన జుట్టు చీపురుతో ఊడ్పించినావా?"

"ఫీజు పెంచినారవ్వా. దానికోసరం."

"ఫీజుకూ జుట్టుకూ ఏం సంబంధంరా? నా చెవిలో పూలు పెట్టొద్దు. పిల్ల ఉండాదా, లేదా?"

లేదు అనడానికి రెండే అక్షరాలు. నోట్లోకి వచ్చాయి కూడా. కానీ ఎందుకో ఆగిపోయాయి. అవ్వ నా ముఖం కొంతసేపు చూసింది. మగ్గాల చప్పుడులో అరవై ఏళ్లు బతికిన మనిషి. ఆమెకు మాటలతో పనిలేదు.

"సరి సరి. కాళ్లు కడుక్కో," అంది.

ఆదివారం పదిగంటలకు వీధిలోంచి ఏబెల్ గొంతు వినపడింది. బ్యానర్లకు తెల్లబట్ట కావాలని ఫోన్ చేశాడు గానీ, ఎవరితో వస్తున్నాడో చెప్పలేదు. వెనకే శ్రీవేద. చేతిలో గొడుగు, చెప్పుల నిండా బురద.

అవ్వ కళ్లజోడు సర్దుకుంది. "నువ్వేనా?"

"ఏం నేనేనా అవ్వా?"

"ఏం లేదులే. కాఫీ తాగుదువు రా."

ఏబెల్‌కు కాఫీ రాకముందే పొలమారింది.

ఆ రోజు మగ్గం ఆపి నాయనా నేనూ అచ్చు అతుకుతున్నాం. అంటే పాత దారాలు అయిపోతున్నప్పుడు, కొత్త దారాల కొసల్ని వాటికి ఒక్కొక్కటే మెలిపెట్టి కలపడం. రెండువేల పైచిలుకు కొసలు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చోవాలి, మధ్యలో దారాలు తెరలాగా ఉంటాయి. నాయన లేచి ఏబెల్‌కు బట్ట చూపించడానికి వెళ్లాడు. ఆమె ఆ చోట కూర్చుంది.

"నాకు నేర్పించు."

"వేళ్లకు బూడిద అద్దుకో. రెండు కొసలూ కలుపు. మెలి పెట్టు. లాగి చూడు."

మొదటిది ఊడిపోయింది. రెండోదీ ఊడింది. మూడోది నిలిచింది. దారాల సందులోంచి ఆమె ముఖం ముక్కలు ముక్కలుగా కనపడుతోంది. ఒక కన్ను, కొంచెం ముక్కు, నిలిచిన ముడిని చూసి వచ్చిన నవ్వులో సగం. మిగతా సగం ఏ దారం వెనకుందో వెతుక్కోవాల్సి వచ్చింది.

"మీరు నేసే ఈ లుంగీలు యాడికి పోతాయి?" అంది.

తిరిగి వస్తున్న నాయన చెప్పాడు. "మద్రాసు వ్యాపారి తీసుకుంటాడమ్మా. ఆడనించి కొలంబోకు."

ఆమె చెయ్యి ఆగింది.

"రెండేండ్ల కింద ఆ దేశంలో పెట్రోలు లేదు, గ్యాసు లేదు అన్నారు చూడు, అప్పుడు లుంగీ ఎవురు కొంటారు? మా మగ్గాలు నాలుగు నెలలు నిలబడిపోయినాయి. వీడి చదువూ ఒక ఏడాది ఆగిపోయింది. మొన్న ఓట్లు లెక్కపెడతా ఉంటే, పొద్దున్నించీ ఫోన్ చూసి నాకు చెప్పింది వీడే. రెండో ఇష్టం అంట, మూడో ఇష్టం అంట, అంతా వీడే అర్థమయ్యేట్టు చెప్పినాడు."

ఆమె దారాలు పక్కకు జరిపి నా వైపు చూసింది.

"అభిప్రాయం లేదన్నావే?"

"ఎవురు గెలవాలని నాకు నిజంగానే లేదు. గెలిచినోడు ఎవురైనా, ఆ ఊరి మనిషి మళ్లా కొత్త లుంగీ కొనుక్కోగలగాల. అంతే."

"ఇంత పెట్టుకోని, టీ అన్నావా!"

ఆమె లేచి గది చుట్టూ చూసింది. సున్నం గోడ మీద రోజూ ఎన్ని గజాలు నేశామో నేను సుద్దముక్కతో రాసే అంకెలున్నాయి. మా బడి అయ్యవారు నేర్పిన రెండు అంకెకు తోక కొంచెం ఎక్కువ పొడుగు. ఆమె ఆ గోడ ముందు అవసరానికి మించి నిలబడింది. సంచిలోంచి టికెట్టు తీసింది, చుట్టబోయి ఆగింది.

"మామా, మీ చేతులకేమైంది?" ఏబెల్ అడిగాడు. దారాలకు రంగు అద్దే మా నాయన చేతులు మోచేతులదాకా నీలంగానే ఉంటాయి.

అప్పుడు నా జీవితంలోకెల్లా పొడుగైన మాట మాట్లాడాను.

"చూసినావా ఏబెలూ? మా నాయన తిరుపతికి వస్తే బస్సులో పదిమంది అడుగుతారు, చేతులకేమైందని. మన గుండ్లను ఒక్కరూ అడగలేదు. తెలిసిందాన్ని ఎవురూ అడగరు. తెలియంది కనపడితేనే అడుగుతారు. గుండ్లకు చందనం పూసుకునే ఊర్లో మనం నీలం పూసుకుందాం."

ఏబెల్ నా గుండునూ నాయన చేతులనూ మార్చి మార్చి చూశాడు.

"అద్దకం రంగు మాత్రం వద్దు," అన్నాడు నాయన. "పదిదినాలు పోదు. బట్టల నీలిమందు కలుపుకోండి."

వెళ్లేటప్పుడు అవ్వ శ్రీవేదను వీధి చివరిదాకా సాగనంపింది. దారిలో ఆమె చెవిలో ఏదో చెప్పింది. శ్రీవేద ఆగిపోయి, వెనక్కి తిరిగి, నా ముఖం కాదు, నా గుండు చూసింది. ఏం చెప్పిందని అవ్వను అడిగితే, "ఆడోళ్ల మాటలు" అంది.

సోమవారం పదకొండు నీలం గుండ్లు కాలేజీ గేటు దాటాయి. ముందు మా ఇంటి తెల్లబట్ట. దాని మీద శ్రీవేద అక్షరాలు: "ఎందుకో అడగండి."

అడిగారు! టీ కొట్టతను అడిగాడు. ఆటోలు ఆపి అడిగారు. కానిస్టేబుల్ విజిల్ నోట్లోంచి తీసి మరీ అడిగాడు. అడిగిన ప్రతి ఒక్కరికీ చెప్పాం, తల్లిదండ్రులైతే నోట్‌బుక్‌లో సంతకం చేయించుకున్నాం.

బస్టాండు దగ్గరికి రాగానే వాన. తిరుపతి వాన చెప్పి రాదు. కొండ మీద మబ్బు కనపడేలోగా కింద మన చొక్కా తడిసిపోతుంది. పదకొండు తలల నీలం చెవుల మీదుగా, ముక్కుల మీదుగా కారడం మొదలైంది. జనం షాపుల అరుగులెక్కి ఇంకా బాగా చూశారు.

రెయిన్‌కోటు వేసుకున్న ఒక పెద్దమనిషి స్కూటర్ ఆపాడు. నుదుట తిరునామం, వెనక సీటు మీద ఆఫీసు బ్యాగు.

"ఏ మొక్కయ్యా ఇది? ముప్ఫై ఏండ్లుగా దేవస్థానంలో పనిచేస్తా ఉండా. నీలం గుండు ఎప్పుడూ చూడలేదే!"

"మొక్కు కాదు సార్. ఫీజు," అన్నాను. "చేరేటప్పుడు చెప్పింది ఒకటి, ఇప్పుడు అడిగేది ఇంకొకటి. సగం దారికొచ్చినాంక టికెట్టు పెంచితే బస్సు దిగలేం కదా సార్."

ఆయన తల ఊపాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "గుండు ఎక్కడ చేయించుకున్నారు?"

"సెలూన్లో సార్."

"గోవిందా, గోవిందా! కొండ కింద ఉండుకోని సెలూన్లోనా!" ఫీజు కన్నా అదే ఆయన్ను ఎక్కువ బాధపెట్టింది.

అంతలో నా తల మీద వాన ఆగిపోయింది. పైకి చూస్తే గొడుగు. పక్కన శ్రీవేద, రొప్పుతోంది.

"ఈడ నిలబడితే నీలమంతా పోతుంది. ఇంకా సగం ఊరు తిరగాల," అంటూ ఎదురుగా చూసి ఆగిపోయింది. "నాన్నా!"

సుదర్శనం గారు గొడుగు చూశారు. గొడుగులో సగమే కూతురి మీద ఉండటం చూశారు. నా చెవి మీంచి జారిన నీలం చుక్క ఆమె తెల్ల చున్నీ మీద పడటం కూడా చూశారు. రెయిన్‌కోటులో చెయ్యిపెట్టి పెన్ను తీసి, "ఏదమ్మా మీ పుస్తకం" అని సంతకం చేశారు.

సాయంత్రానికి నాలుగు వందల సంతకాలయ్యాయి. మర్నాడు పేపర్లో ఈసారి భక్తులు అని రాయలేదు. అదే రోజు కమిటీ కూర్చుంది, గురువారం నోటీసు మారింది. ఇప్పటికే చేరినవాళ్లకు పాత ఫీజే. కొత్తగా చేరేవాళ్లకు పెంచిందే.

"వచ్చే ఏడు చేరే పిల్లల సంగతేమి? ఇది సగం గెలుపే," అంది శ్రీవేద. అందరూ గంతులేస్తుంటే ఆమె మాత్రం మళ్లీ నోట్‌బుక్ తీసింది. నేను నోటీసు రెండుసార్లు చదివాను. రెండోసారి చదివినప్పుడు పక్క గది కనపడింది.

దసరా సెలవులు అయ్యాక, క్యాంటీన్లో నా ఎదురుగా వచ్చి కూర్చుంది. ఈసారి ప్లేట్లు లేవు. రెండు టీలు. నోట్‌బుక్‌లోంచి మడిచిన ఓటు చీటీ తీసి నా ముందు పెట్టింది.

"ఈ రెండుకు ఇంత తోక వేసేది మీ ఇంటి గోడొక్కటే."

నేను చీటీ చూశాను. బయట వాన మొదలవుతోంది.

"ఓట్లు లెక్కపెట్టిన దినం నుంచీ అడుగుదామని ఉండాను. నలభైమంది మూడు గళ్లూ నింపినారు. నువ్వొక్కడివే మూడోది ఖాళీ పెట్టినావు. బంద్‌కు ఆఖరి ఇష్టం కూడా ఎందుకు వెయ్యలేదు?"

ఆమె ఎదురుచూసింది. తొందర పెట్టలేదు. ఆమెకు అంత ఓపిక ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. గ్లాసు అటు తిప్పాను, ఇటు తిప్పాను. అందులో నాకు సాయం చేసేది ఏమీ లేదు.

"బంద్ అయితే," అన్నాను, "నువ్వు రావు కదా."

వాన పెద్దదైంది. శ్రీవేద నోరు తెరిచి, మూసింది. ప్రపంచంలోని ప్రతి దేశం మీదా అభిప్రాయమున్న మనిషి. వేలికి టికెట్టు ఉంది. దాన్ని తీసి పారెయ్యలేదు.

"అభిప్రాయం ఏం లేదా?" అన్నాను.

ఆమె నవ్వు దాచుకోవడానికి టీ తాగింది. అది ఇంకా పొగలు కక్కుతోంది, నాలుక కాలింది, అయినా దించలేదు.

"మా నాన్న నీ గురించి అడిగినాడు," అంది కాసేపటికి. "ఆ నగరి అబ్బాయి నాలుగు మాటలే మాట్లాడినాడు, నాలుగూ పనికొచ్చేవే అన్నాడు. సెలూన్ సంగతి మాత్రం ఇంకా మర్చిపోలేదు."

"ఏం చెయ్యాల?"

చెయ్యి చాచి నా తల మీద పెట్టింది. కొద్దిరోజుల పైరులాగా చిన్న చిన్న వెంట్రుకలు. అటూ ఇటూ నిమిరి, ఎంత పెరిగాయో కొలిచినట్టు చూసింది.

"జుట్టు బాగా పెంచు. మీ అవ్వ ఆ రోజు వీధి చివర చెప్పింది నాకు, ఆ మొక్కేమిటో."